దీవెన మొహం మీద మంట

అజయ్ కుమార్ షట్టర్ కిందికి గుంజి, జేబులోంచి తాళం తీసి వేసేశాడు.

"నా పార్లర్‌కి నువ్వేందన్నా తాళమేసేది?" అంది లూదియా.

"నా మేనకోడలి మొగం చూసినావా? ఉడకబెట్టిన బీట్‌రూట్ మాదిరి ఉంది. ఆరు రోజుల్లో పెండ్లి! కారెక్కు. నంద్యాల పోతాండాం. తప్పు నీ ఫేషియల్‌దేనని డాక్టరమ్మ చెప్పెనా, ఇంగ ఈ తాళం తీసేది లేదు."

వీధిలో అప్పటికే జనం మూగారు. ఆళ్ళగడ్డలో తొమ్మిదేళ్ళుగా ఆ పార్లరే లూదియా బతుకు. పెళ్ళికూతురి మొహం కాల్చిందన్న మాట ఒక్కసారి పుట్టిందంటే, కనుబొమ్మలు తీయించుకోవడానికి కూడా ఇంకెవరూ గడప తొక్కరు. లూదియా కారెక్కింది.

వెనక సీట్లో దీవెన తడిగుడ్డ మొహానికి అద్దుకుంటోంది. ముందు సీట్లో ఆమె తండ్రి ప్రభుదాసు మాస్టారు. బళ్ళో వందమందిని ఒక్క చూపుతో కూర్చోబెట్టే మనిషి, కూతురి వైపు తిరిగి చూడలేకపోతున్నాడు. తల్లి మంజుల కువైట్‌లో ఉంది. పెళ్ళికి రెండు రోజుల ముందు గానీ రాదు. అంతదాకా పనులన్నీ ఈ బావా బావమరదుల నెత్తినే.

దారిలో శిరివెళ్ళ ఊరు వచ్చినా అజయ్ తిట్లు ఆగలేదు. లూదియా చెవులు ఆయనకి వదిలేసి కళ్ళు దీవెనకి అప్పగించింది. మొన్న సాయంత్రం తను చేసింది మామూలు పండ్ల ఫేషియల్. మొహానికీ, మెడకీ. అంతే. ఆ అమ్మాయి గుడ్డ పిండుకోవడానికి చున్నీ వెనక్కి తోసినప్పుడు కనిపించింది, మోచేతుల దాకా ఎర్రటి దద్దు. లూదియా కిందికి వంగి చూసింది. పాదాలూ అంతే.

"దీవెనా, కాళ్ళకి నేనేమన్నా పూసినానా?"

"లేదక్కా."

"మరి కాళ్ళెందుకు కాలినాయ్?"

అజయ్ తిట్టు నడిమధ్యలో ఆగిపోయింది.

"నిన్న నలుగు పెట్టినారు కదా," అంది దీవెన మెల్లగా. "అప్పుడే మండింది. పసుపుకేమో అనుకున్నా. ఐదుగురు అత్తలు పాటలు పాడుతా రుద్దుతాంటే ఆపమని ఎట్ల చెప్పేది?"

"నలుగుకి మొగం కాలుతాదా? మా అవ్వల కాడ్నించీ పెడతాండాం. నీ మీదికి వచ్చేసరికి కతలు చెప్తాండావా?" అన్నాడు అజయ్ లూదియాతో.

నంద్యాలలో క్లినిక్ ముందు దిగగానే ప్రభుదాసు కూతురికి కొబ్బరిబోండాం తెస్తానని రోడ్డు దాటాడు. మిగతా ముగ్గురూ లోపలికి వెళ్ళారు.

డాక్టర్ వాణి మూడు నెలల కిందట దీవెన మచ్చలకి మందులు రాసిచ్చినావిడే. లైటు దగ్గరికి జరిపి బుగ్గలు చూసింది.

"ఏం పూస్తాండావమ్మా?"

"మీరు చెప్పినట్లే మేడం. పొద్దున విటమిన్ సి సీరం. గ్లైకోలిక్ క్రీము వారానికి రెండు రాత్రులు, బఠాణీ గింజంత. రెండూ ఒకేపూట ఎప్పుడూ పూయలేదు. పెండ్లికి వారం ముందు ఆపమన్నారు కదా, ఆదివారమే ఆపేసినా."

"యాడ, చూపించు."

దీవెన బ్యాగులోంచి తీసి ఇచ్చింది. డాక్టర్ ట్యూబు నొక్కితే గాలి వచ్చింది. సీరం సీసా ఎత్తి చూస్తే అడుగున చుక్క లేదు.

"ఆపేసినానంటివి. ఖాళీ ఎట్లయినాయ్?"

దీవెన బిత్తరపోయింది. "నేను కాదు మేడం! రెండూ సగానికి పైనే ఉండె."

లూదియా ముందుకి జరిగింది. "మేడం, ఈ రెండూ నలుగు పిండిలో కలిపి రుద్దితే?"

డాక్టర్ దీవెన చేతులూ, పాదాలూ కూడా చూసి తలూపింది. "రెండూ ఆమ్లాలే. వేర్వేరు పూటల్లో, కొంచెం కొంచెం పూస్తే మంచిదే. రెండూ ఒక్కసారిగా కుమ్మరించి, బరక పిండితో రుద్ది, పైన ఆరబెడితే చర్మం ఊరుకుంటాదా? ఇది ఫేషియల్ పని కాదు."

"మచ్చలు పడతాయా మేడం?" అడిగింది దీవెన.

"పడవు. పైపైనే కాలింది. ఆయింట్‌మెంటు రాస్తా. ఎండలోకి పోవద్దు, మొగానికి ఇంకేదీ పూయొద్దు. నాలుగైదు రోజుల్లో తగ్గుతాది. దిగులు లేకుండా పెండ్లి చేసుకో."

దీవెన ఏడుస్తూనే నవ్వింది. లూదియా పొద్దుటి నుంచి మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలింది.

అజయ్ మాత్రం లేచి నిలబడ్డాడు. "ఆ ఐదుగురిలో కలిపిందెవురు?"

"వాళ్ళు వచ్చేసరికే పిండి తడిపి ఉండె మామా. నేను తలకి నూనె పెట్టుకుంటాంటి. అమ్మ ఫోన్లో కొలతలు చెప్తాండె. అమ్మకి తెలుసు."

అజయ్ కువైట్‌కి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. "అక్కా, నలుగు పిండి ఎవురు కలిపినారు?"

"ఇంగెవురు, ఆయన," అంది మంజుల. "శనగపిండి, పసుపు, పాలు అని నేను చెప్తాంటే, ఆపేసిన క్రీములు ఊరికే పడుండాయి, మంచివి కదా, ఇవీ వేస్తా అన్యాడు. వేయమంటి. ఏమైంది రా?"

"ఏ ఆయన? పెండ్లింట్లో సవాలక్ష మంది ఆయనలు! పేరు చెప్పు, వాని చేతులు ఇరుస్తా."

"ఆయనే రా, ఆయన!" అంది మంజుల. ఇరవై ఆరేళ్ళ కాపురంలో మంజుల మొగుడి పేరు పలికిన మనిషి కాదు. పాస్టరుగారు అడిగినా పక్కవాళ్ళ చేత చెప్పించేది. లూదియాకి ఎప్పుడో అర్థమైపోయింది. నవ్వు ఆపుకుంటూ ఫోన్ మీదికి వంగింది.

"అక్కా, నేను లూదియాని. ఆ నింద నా మీద పడింది. పేరు చెప్పందే నీ తమ్మునికి అర్థమయ్యేట్టు లేదు. నువ్వే చెప్పల్ల."

అప్పుడే తలుపు తెరుచుకుంది. రెండు చేతుల్లో రెండు బోండాలతో ప్రభుదాసు లోపలికి తొంగిచూశాడు. "డాక్టరమ్మ ఏమన్యాది? ఎవురి తప్పంటా?"

ఫోన్లోంచి మంజుల గొంతు సిగ్గునంతా ఒక్క అరుపులో తోసేసింది.

"ప్రభుదాసు రా! మీ బావ ప్రభుదాసు!"