కోతపండుగకు గడ్డిబండి

పాడైపోయిన వస్తువును పట్టుకుని వేలాడే మగవాడితో కాపురం ఎట్లా ఉంటుందో తెలుసుకోవాలంటే నన్నడగండి. మా ఆయన స్తెఫను నన్ను ఏనాడూ పేరుపెట్టి ముద్దుగా పిలిచింది లేదు. గడ్డిబండిని మాత్రం "నా తల్లీ" అనేవాడు. పొద్దున లేవగానే ముఖం కూడా కడగకుండా దాని దగ్గరికే పోయేవాడు.

గడ్డిబండి అంటే గడ్డి మోసే బండి కాదు, కోసే బండి. బుల్లి ట్రాక్టరులా ఉంటుంది. మనిషి ఎక్కి తోలుతుంటే కింద కత్తి గిర్రున తిరిగి గడ్డిని చాపలా నున్నగా చేస్తుంది. భద్రాచలం దాటి అడవి మొదలయ్యే చోట ఉన్న మా మిషను దవాఖానాకు దాన్ని ఒక తెల్లదొరసాని తెప్పించిందట. దొరసాని వెళ్ళిపోయింది. పెద్ద డాక్టర్లు వెళ్ళిపోయారు. కాన్పుల వార్డుకు తాళం పడింది. గడ్డి మాత్రం ఎక్కడికీ పోలేదు. వానలు పడితే నడుమెత్తు లేచేది, పాములు వరండాల్లోకి వచ్చేవి. ఆ గడ్డి పుణ్యమా అని స్తెఫను ఉద్యోగం నిలిచింది, ఉద్యోగంతో పాటు కాంపౌండులో మా క్వార్టరు నిలిచింది. క్వార్టరంటే ఏమంత? ఒక గది, ఒక వంటిల్లు. కానీ బోనకల్‌లో నా పుట్టింటి నేలను మా అన్నలు ఎప్పుడో కలిపేసుకున్నారు, స్తెఫనుకు మొదటినుంచీ ఏమీ లేదు. ఆ గది పోతే మేము రోడ్డు మీదే.

ఆ ఏడు వానాకాలం మధ్యలో బండి ఆగిపోయింది. తాళం తిప్పితే దగ్గుతుంది, ఊరుకుంటుంది. కత్తి దగ్గరి బేరింగు అరిగింది, కింది రేకు తుప్పుపట్టి చిల్లులు పడింది. చర్చి కమిటీ సెక్రటరీ శాంతికుమార్ సారు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని దాని చుట్టూ ఒకసారి తిరిగారు.

"స్తెఫనూ, దీని పని అయిపోయింది. పాత ఇనుములోళ్ళకు ఇచ్చేద్దాం. నువ్వు కొడవలి పట్టు. గూడెం జంపక్కను తోడు తీస్కో, ఇద్దరు కలిసి కోయండ్రి. నీ క్వార్టరు గట్లనే ఉంటది" అన్నారు.

చల్లని కబురు విన్నట్టు నా ప్రాణం కుదుటపడింది. మా ఆయన ముఖం మాత్రం మాడిపోయింది.

"సార్, నేను డ్రైవర్ని. కొడవలి పట్టెటందుకు డ్రైవరెందుకు? నేను బాగుచేస్త."

"కమిటీ ఏమియ్యదు మరి."

"మీరేమియ్యకుండ్రి. కోతపండుగ నాటికి నడిపి చూపెడ్త."

"నడిపితే నీ పోస్టు నీదే, పో" అని సారు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

ఆ రోజు మా ఇంట్లో జరిగిన యుద్ధం కాంపౌండంతా విన్నది. "కొడవలి పడితే నీ చెయ్యి ఊడిపోతదా? ఇంటికొచ్చిన పనిని కాలదన్నుకుంటవా?" అని నేను. "నీకు తెల్వదు, ఊకో" అని ఆయన. ఇరవైనాలుగు గంటలూ ఆయన దగ్గర ఉండే జవాబు అదొక్కటే. నాకు తెలియదట! వండేది నేను, ఎవరెవరి కాళ్ళో పట్టుకుని గది ఇప్పించుకున్నది నేను, తెలియనిది మాత్రం నాకు.

జంపక్క పక్క కోయగూడెం మనిషి. మా దవాఖానా గడ్డి మీద ఆమె కన్ను ఎప్పటినుంచో ఉంది. "మీ ఆయన బండి గడ్డిని పిండి చేస్తదక్కా. పసులు మూతి పెట్టవు. కొడవలితోటి కోస్తే మా ఎడ్లన్న తింటయ్" అనేది. నిజమే అన్నాను. ఆ మాట స్తెఫను చెవిన పడింది. రెండు రోజులు అన్నం బండి దగ్గరికే తెప్పించుకుని తిన్నాడు.

ఇక బాగుచేయడం మొదలుపెట్టాడు. నా ఇత్తడి బిందె భద్రాచలం వెళ్ళి బేరింగై తిరిగొచ్చింది. ఆయన సైకిలు వెళ్ళి రేకై, వెల్డింగై వచ్చింది. ఆ బండి బెల్టు ఈ చుట్టుపక్కల ఎక్కడా దొరకలేదు. పిండిగిర్నీ బెల్టు తెచ్చి, కోసి, అతికించి, తెగితే మళ్ళీ అతికించాడు. గోళ్ళలో నూనె, అన్నంలో నూనె వాసన. నేను తిడుతూనే ఉన్నాను. తిడుతూనే గుడ్డలు చింపి ఇచ్చాను, దీపం పట్టుకున్నాను. ఏం చేయను? ఆ బండి నడవకపోతే మునిగేది ఇద్దరం.

కోతలు మొదలయ్యే రోజుల్లో ఒక పొద్దున బండి నడిచింది. ఒట్టి నడవడం కాదు, కాంపౌండు అటు చివర నుంచి ఇటు చివరికి గడ్డిని నున్నగా చేసుకుంటూ వచ్చి నా గుమ్మం ముందు ఆగింది. స్తెఫను దిగలేదు. సీటు మీదే కూర్చుని నన్ను చూస్తున్నాడు. "ఏమే?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. "ఏందయ్యా, నడిచింది గద, దిగు. అన్నం తిందువు" అన్నాను. అంతకంటే ఏమంటాను? కడుపు నిండినట్టయింది నాకు. అబద్ధమెందుకు?

అక్కడితో ఊరుకుంటే ఆయన స్తెఫను ఎందుకవుతాడు?

మా చర్చికి కోతపండుగ పెద్ద పండుగ. పండినదాంట్లో మొదటిది, పెంచినదాంట్లో మంచిది పట్టుకుని అందరూ పాటలు పాడుకుంటూ ఊరేగింపుగా వస్తారు. షామియానా కింద బల్ల ముందు పెడతారు. అయ్యగారు, అంటే మా పాస్టరు, వాటి మీద ప్రార్థన చేస్తారు. భోజనాలయ్యాక అన్నిటినీ వేలం వేస్తారు. ఇందులో ఒక రివాజుంది. పాడుకున్నవాళ్ళు వస్తువును ఇంటికి తీసుకుపోరు. "మళ్ళీ దేవునికే" అని తిరిగిచ్చేస్తారు, దాన్నే ఇంకొకరు పాడతారు. ఒక్క గుమ్మడికాయ సాయంత్రం దాకా చేతులు మారుతూనే ఉంటుంది.

"ఊరేగింపుల బండి తోల్త" అన్నాడు స్తెఫను. "బల్ల కాడ ఆపితే అయ్యగారు దాని మీద గూడ ప్రార్థన చేస్తరు."

"ప్రార్థనే కావాలంటే మనింటి ముందు చేయించుకో. కొత్త స్కూటర్లకు చేస్తలేరా?"

"ఇంటి ముందు ఎవరు చూస్తరే?"

అదీ అసలు సంగతి. పదిమందీ చూడాలి. చూడనీ అనుకున్నాను. ఇన్ని నెలలు మట్టిలో పొర్లినవాడు ఒక్కపూట మెడ ఎత్తుకుంటే తప్పేముంది? స్టీరింగుకు బంతిపూల దండ కట్టాడు, ముందు వరికంకులు కట్టాడు. పాటకు తాళం వేసినట్టు టకటకమంటూ బండి వచ్చింది, జనం చప్పట్లు కొట్టారు. గుమ్మడికాయల పక్కన, కోడిపుంజుల పక్కన, మిర్చి బుట్టల పక్కన ఆపాడు. అయ్యగారు బానెట్టు మీద చెయ్యి పెట్టి మరీ ప్రార్థించారు. స్తెఫను కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. మా పెళ్ళిలో కూడా అంత భక్తిగా నిలబడలేదు.

భోజనాలయ్యాయి. శాంతికుమార్ సారు మైకు పట్టుకుని వేలం మొదలుపెట్టారు. కోళ్ళు పోయాయి, మిర్చి పోయింది, అరటిగెల చేతులు మారీ మారీ నలిగింది. అప్పుడు సారు గొంతు పెంచారు.

"ఇగ ఈ ఏటి పెద్ద కానుక. మన స్తెఫను బాగుచేసి బల్ల ముందు పెట్టిన గడ్డిబండి!"

పరాచికమనుకుని నవ్వాను. జనం చప్పట్లు కొట్టేసరికి నా నవ్వు ఆగిపోయింది. ముందే అనుకున్నాడో, మైకు చేతిలో ఉండగా తోచిందో, ఆ పైవాడికే తెలియాలి. లేచి ముందుకు పోయాను.

"సార్, అది కానుక కాదు! ప్రార్థనకు తెచ్చినం!"

అయ్యగారు నొచ్చుకున్నట్టు చూశారు. "హెప్సిబమ్మా, కోతపండుగనాడు బల్ల ముందుకు వచ్చినదాన్ని ఎనకకు తీసుకుంటమా? దేవుని సొత్తు గదమ్మా."

"ఇచ్చి అడుగుతదేంది ఈమె?" అని వెనక ఎవరో ఆడమనిషి అన్నది. ఇంకొకామె నా కొంగు పట్టి లాగింది. స్తెఫను నా దగ్గరికొచ్చాడు. చెమటలు పోస్తున్నాయి, ముఖాన నవ్వు మాత్రం పోలేదు.

"ఊకో. ఎవరు పాడినా తిరిగిస్తరు. కమిటీయే పెట్టుకుంటది. రివాజు గద" అన్నాడు.

పాడింది ఉదయ్ భాస్కర్ గారు. వాళ్ళ పెద్దలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. ఆయన మామిడితోటలో కొత్తగా బంగళా కట్టి, ముందు పచ్చిక పెంచుతున్నారు. ఏటా మా పండుగకు పిలుస్తాం, మర్యాదగా వస్తారు, మర్యాదగా కూర్చుంటారు. ఆయన పాటకు ఎదురు ఎవరూ రాలేదు. మూడోసారి అన్నారు సారు, మైకు మోగింది.

స్తెఫను భుజం మీది తువ్వాలు తీసి బండి సీటు తుడిచాడు. ఉదయ్ భాస్కర్ గారి వైపు తిరిగి నిలబడ్డాడు. "మళ్ళీ దేవునికే" అన్న ఆ రెండు మాటలూ ఆయన నోటివెంట వస్తాయని చూస్తున్నాడు. నేనూ చూస్తున్నాను. షామియానా మొత్తం చూస్తున్నది. ఆయన అందరికీ నమస్కారం పెట్టి, తన మనిషి రాందాస్ వైపు తిరిగారు.

"ట్రాలీ తీసుకురా. గీతలు పడకుండా జాగ్రత్తగా ఎక్కించండి" అన్నారు.

ఆయన్ను ఏమని తిట్టను? మా రివాజు మా చర్చి వాళ్ళకే గానీ ఆయనకెందుకు? ఆ మాట ఆయనకు చెప్పవలసిన శాంతికుమార్ సారు మాత్రం మైకు వైరు చుట్టుకుంటూ తల ఎత్తలేదు. చెక్కల మీదుగా బండిని ట్రాలీలోకి ఎక్కించడం ఎవరి వల్లా కాలేదు. చివరికి స్తెఫనే ఎక్కి తోలాడు. రాందాస్‌కు తాళం ఎట్లా తిప్పాలో, కత్తి ఎట్లా దించాలో చూపించి దిగాడు. జనం మళ్ళీ చప్పట్లు కొట్టి స్తోత్రం చెప్పారు.

నెల తిరక్కుండా శాంతికుమార్ సారు మా గుమ్మంలోకి వచ్చారు.

"బండి లేదు గద స్తెఫనూ. బండి లేనప్పుడు బండి డ్రైవరెట్ల?"

"సార్, కొడవలి పడ్త" అన్నాడు మా ఆయన.

"నేను డ్రైవర్ని" అన్న నోటితోనే అన్నాడు.

"జంపక్కకు మాటిచ్చినం. ఆమెకైతే క్వార్టరు గూడ అక్కర్లేదు. ఈ గదిల కొత్త నర్సు దిగుతది" అన్నారు సారు. పోతూ పోతూ, "పెద్ద మనసుతోటి ఇచ్చిండ్రు. దేవుడు మీకు వందంతలు చేస్తడు" అన్నారు.

"ఆ వందంతలల్ల ఒక్క గది ఇప్పుడిప్పించుండ్రి సార్, మిగిలింది మీరే ఉంచుకోండ్రి" అన్నాను. వినబడనట్టే వెళ్ళిపోయారు. చెడిపోయి మూలన పడి ఉంటే దాన్ని ఎవడు పాడేవాడు? నడిచింది కనుక పోయింది. ఈ ముక్క నాకు నిద్రలో కూడా మండుతుంది.

ఇప్పుడు రోడ్డు పక్కన రేకుల గదిలో కిరాయికి ఉంటున్నాం. స్తెఫను జామాయిల్ కట్టెల లోడింగుకు పోతాడు. జంపక్క ఒకసారి సంతలో కనబడి, "ఏమనుకోకక్కా" అన్నది. ఏమనుకుంటాను? ఆమె ఎడ్లు బలిశాయి.

ఎండలు ముదిరాక ఒక పొద్దున రాందాస్ మోటారు సైకిలు మీద వచ్చాడు.

"స్తెఫనన్నా, సారు నిన్ను జల్దీ తోలుకరమ్మన్నడు. బండి ఆగింది. ఎవరికీ సమజైతలేదు."

గంజి తాగుతున్న స్తెఫను గిన్నె కింద పెట్టాడు. "ఎట్ల ఆగింది?"

"ఇంజను నడుస్తది, కత్తి తిరగదు."

"రబ్బరు కాలిన వాసనొచ్చిందా?"

"అవ్, వచ్చింది."

బెల్టు. నాకే అర్థమయింది. పూట పని. స్తెఫను అప్పుడే లుంగీకి చేతులు తుడుచుకుంటున్నాడు, కాళ్ళు చెప్పులు వెతుకుతున్నాయి. చాన్నాళ్ళ తర్వాత ఆ ముఖంలో కాస్త వెలుగొచ్చింది. నేను మేకుకు వేలాడుతున్న చొక్కా తీసి చేతికందించబోయాను.

ఆయన తీసుకోలేదు. మళ్ళీ కూర్చున్నాడు.

"ఇగ అది బాగుకాదు, రాందాసూ. పాత ఇనుములోళ్ళకు ఇచ్చేయమను సారును" అన్నాడు.

రాందాస్ తల గోక్కుని వెళ్ళిపోయాడు. నేను చొక్కా పట్టుకుని ఆయన ముందు కూలబడ్డాను. "పోవయ్యా. పోయి బాగుచేసిరా. నా మాట విను" అని బతిమాలాను. గడ్డం పట్టుకుని బతిమాలాను.

ఆయన గంజి తాగి, గిన్నె కడిగి, కట్టెల లోడింగుకు వెళ్ళిపోయాడు.