లుంగీ కట్టిన దేహశాస్త్రం

1957 నవంబరు మూడు, ఆదివారం. ఆ మధ్యాహ్నం విల్సన్ మేష్టారు పక్కింటివాళ్ళు పంపిన తెలగపిండి కూరతో అన్నం తిని, ఉక్కు కర్మాగారం ఊళ్ళో కద్మా పేటలోని తెలుగు సమాజం హాలుకి వెళ్ళారు. నర్సు శిక్షణకి వెళ్ళదలచిన ఆడపిల్లలకి పాఠం చెప్పడానికి కలకత్తా నుంచి తెప్పించిన పటాన్ని గోడకి తగిలించారు. నిలువెత్తు మనిషి. లోపలి అవయవాలన్నీ బయటికే కనిపిస్తున్నాయి.

సమాజం అధ్యక్షుడు బంగారురాజు అదిరిపడ్డాడు.

"ఇదేటి మేష్టారూ! గుడ్డ లేకపోతే పోనీ, ఈడికి తోలు కూడా లేదే! ఆడపిల్లలు కూకునే కాడ?"

అప్పటికప్పుడు ఒక గళ్ళ లుంగీ తెప్పించి పటం నడుముకి కట్టించాడు. మరుసటి వారం పేగుల మీద దృష్టి పడింది. "ఎంత మొగోడైతే మాత్రం పేగులు నలుగురిలో పెట్టుకుంటాడేటి?" లుంగీ పైకి జరిగింది. ఆపై వారానికి, సుబర్ణరేఖలో స్నానానికి దిగిన ఆడవాళ్ళ చీరలా, చంకల కింద ముడిపడింది.

మేష్టారు వాదించలేదు. హాలు సమాజానిది. తగువైతే పాఠం ఆగుతుంది. నెలాఖరున ఆ పిల్లల్లో ఆనందకుమారికి నర్సు శిక్షణలో చేరే పరీక్ష ఉంది. ఈసారి తప్పితే ఆ పిల్లకి వయసు దాటిపోతుంది, మళ్ళీ రానివ్వరు. అందుకే బెత్తం పట్టుకుని లుంగీ మీదే చెప్పుకుపోయారు: "పైనుంచి మూడో వరస, మనకి ఎడం, ఆయనకి కుడి. ఈ ఎర్ర గడి కింద కాలేయం."

పరీక్షనాడు ఆసుపత్రిలో బెంగాలీ డాక్టరమ్మ పటం చూపించి, కాలేయం ఎక్కడని హిందీలో అడిగింది: "లివర్ కహాఁ హై?"

ఆ పటానికి లుంగీ లేదు. ఆనందకుమారి కళ్ళు గళ్ళ కోసం వెతికాయి. డాక్టరమ్మ మళ్ళీ అడిగింది.

"తీస్రీ లైన్... లాల్ ఖానా..." అని మూడో వరస, ఎర్ర గడి అప్పగించి, ఇక దాచలేక ఏడుపు గొంతుతో లుంగీ కథంతా చెప్పేసింది.

డాక్టరమ్మ నవ్వలేదు. ఆ పూటకి అదే పెద్ద ఉపకారం. లేచి పటాన్ని గోడవైపు తిప్పేసి, "నీ ఒంటిమీద చూపించు" అంది.

ఇంట్లో వల్లె వేసేటప్పుడు లుంగీ ఎక్కడుంది? ఆనందకుమారి తన పైటమీదే గళ్ళు ఊహించుకుని వేలు పెట్టుకునేది. ఇప్పుడూ చెయ్యి తనంతట తానే కుడి పక్కటెముకల కిందికి వెళ్ళింది. మూత్రపిండాలనగానే రెండు చేతులూ నడుం వెనక్కి పోయాయి. ఒక్కటీ తప్పలేదు.

ఆ సాయంత్రం హాల్లో బంగారురాజు ఛాతీ విరుచుకున్నాడు. "సూసేరా? మర్యాదగా గుడ్డ కట్టి చెప్పబట్టే పిల్ల పాసయ్యింది!"

మిగిలిన పిల్లలు వెళ్ళేదాకా ఆగి, ఆనందకుమారి దగ్గర గొంతు తగ్గించాడు. "అమ్మీ, నాకీమజ్జిన ఇక్కడ పోటు వత్తంది. ఏటంటావు?" అంటూ పటం మీది లుంగీకి వేలు ఆనించాడు.

"మీ ఒంటిమీద చూపించండి మావయ్యగారూ."

బంగారురాజు నాలుగు దిక్కులూ చూశాడు. బల్లమీద కూర్చున్న భార్య నూకమ్మ కసురుకుంది. "సూపించయ్యా! సిగ్గుతో సచ్చిపోతావేటి? నేనున్నాను కదా!"

బంగారురాజు చొక్కా పైబొత్తాం విప్పాడు. తర్వాత రెండోది. విల్సన్ మేష్టారు వరండాలోకి వచ్చి, ఆ పూటకి ఇంకెవరూ లోపలికి రాకుండా తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశారు.