మందం పెంచిన మూత

గుడివాడలోని తన చిన్న యూనిట్లో రఘురామ్ వీపున తగిలించుకుని పురుగుమందు కొట్టే ట్యాంకులకు ప్లాస్టిక్ మూతలు తయారు చేసేవాడు. 2002లో ఆ మూతలు అంచు దగ్గర పగులుతున్నాయని రైతులు విసుక్కున్నారు. మరుసటి ఏడు నాట్లకు ముందే అతను మూతలు పోసే ఇనుప అచ్చును, అదే డైని, లోపల కోయించి, అంచు మందం దాదాపు రెట్టింపు చేయించాడు. కొత్త మూత నేలకేసి కొట్టినా పగల్లేదు. మెషీన్లోంచి వేడివేడిగా తీసి ట్యాంకుకు బిగిస్తే చక్కగా పట్టింది. భార్య సీతారత్నం వాటిని బస్తాలకెత్తించి దివిసీమ షాపులకు పంపింది.

వరి పొట్టకొచ్చే రోజుల్లో మోపిదేవి నుంచి డీలరు ప్రకాశరావు ఫోన్ చేశాడు.

"రఘురామ్ గారూ, మందు కొడుతూ ఒకతను పడిపోయాడండీ. ఆస్పత్రిలో ఉన్నాడు. ట్యాంకుకున్న మూత మీరు చేసిందే. ఒకసారి రండి."

రఘురామ్ వెళ్లేసరికి కూలీ రత్నరాజు స్పృహ లేకుండా ఉన్నాడు. నోటి పక్క నుంచి చొంగ కారుతుంటే అతని భార్య రూతు తుడుస్తోంది.

"వీపు తడిసిందేంటని అడిగానండి. చెమటేలే అన్నాడు," అంది. "మూత గట్టిగానే బిగించాడండి. నేను చూశాను."

ప్రకాశరావు షాపులో ఆ ట్యాంకునే కడిగి నీళ్లు నింపారు. రఘురామ్ తనే మూత బిగించి, ముందుకు వంచాడు. ఒక పక్క నుంచి నీళ్లు సన్నగా కారాయి.

యూనిట్‌కి తిరిగొచ్చి వేడి మూత ఒకటి బిగించి చూశాడు. సరిపోయింది. దాన్నే మర్నాడు బిగిస్తే ఒకవైపు సందు. డై కోసినప్పుడు అంచు చుట్టూ మందం సమంగా రాలేదు. మందం ఎక్కువున్న వైపు ప్లాస్టిక్ నెమ్మదిగా చల్లారి, ఎక్కువ ముడుచుకుంటోంది. గుండ్రంగా దిగిన మూత కోలగా మారుతోంది. షాపులకు పంపేముందు, చల్లారాక కొలిచి చూడాలని అతనికి తట్టలేదు.

"పగలకూడదనేగా మందం పెంచారు," అంది సీతారత్నం.

"ఆ మాట రూతు ముందు అనగలనా?"

మెషీన్ ఆపేశాడు. పాత మూతలే పోద్దామంటే కోసేసిన డై పాత కొలతకు రాదు. బెజవాడలో వేరే కంపెనీ మూతలు కొని, బండికి కట్టుకుని ఊరూరూ తిరిగాడు. కొందరు మార్చుకున్నారు. పెదకళ్లేపల్లి దగ్గర ఒక రైతు వీపు మీది ట్యాంకు దింపనేలేదు.

"సైకిల్ ట్యూబు ముక్క వేశానండీ, కారట్లేదు. చేలో వరికి దోమపోటు పట్టింది. ఇప్పుడు ఆపమంటే ఎలా?"

"ఒక్క నిమిషం ఆగండి. నేనే మార్చిస్తాను."

అతను అప్పటికే మడిలోకి దిగిపోయాడు. అలాంటి మూతలు ఇంకా ఎన్ని చేలల్లో ఉన్నాయో రఘురామ్‌కి తెలియలేదు.

రత్నరాజు బతికాడు. చేతుల వణుకు మాత్రం పోలేదు. రఘురామ్ చూడడానికి వెళ్తే మంచం మీద జరిగి చోటిచ్చాడు.

"మీరు కావాలని చేశారా ఏంటండీ," అన్నాడు.

రూతు భర్త పక్కన మంచినీళ్లు పెట్టి, కొడవలి తీసుకుని కూలికి బయల్దేరింది.