ఇనుము తక్కువ మనిషి

రక్తహీనత వల్ల ఉద్యోగం వచ్చిన మనిషిని మీరెక్కడైనా చూశారా? నన్ను చూడండి.

మాది భూమి అయస్కాంతశక్తిని కొలిచే కేంద్రం. గదిలో పట్టుదారానికి ఒక సూది వేలాడుతుంటుంది. అది ఎటు తిరిగిందో చూసి రాయడమే పని. దగ్గర్లో ఇనుము ఉండకూడదు కనుక తలుపుకు ఇత్తడి బందులు, కుర్చీకి చెక్క మేకులు, మగవాళ్ళ నడుములకు బెల్టుల బదులు తాళ్ళు. ఇంత చేసినా రోజూ ఉదయం, డైరెక్టరు గారు సూది పక్కన నిలబడి మాకు పాఠం చెప్పే వేళకు, అది చిందులు తొక్కేది.

ఆ పాఠం మాకు కంఠతా వచ్చు. సూదిని ధ్రువనక్షత్రం లాగుతోందని ఒకప్పుడు అనుకున్నారట. కాదు, ఉత్తరాన ఇనుపకొండ ఉందన్నారట. వెల్లుల్లి వాసన తగిలితే సూది చచ్చిపోతుందని భయపడ్డారట. చివరికి భూమే పెద్ద అయస్కాంతమని, దాని కడుపులో కరిగిన ఇనుము కదులుతోందని తేల్చారట.

"కడుపులో ఇనుము!" అని ఒకరోజు ఆయన ఠక్కున ఆగిపోయారు. "మరి మనిషి రక్తంలోనూ ఉందిగా!"

అంతే. మర్నాడే అందరికీ రక్తపరీక్ష. బుగ్గలు ఎర్రగా ఉన్న పరిశీలకుణ్ణి గేటు దగ్గరికి తరిమేశారు. అప్పటిదాకా టైపు కొట్టుకుంటున్న పాలిపోయిన నాకు సూది గది దక్కింది. ఒకటే షరతు: ఇనుము మాత్రలు మింగకూడదు.

మా అక్క నర్సు. "నీ ఉద్యోగం తగలెయ్య! మెట్లెక్కితే కళ్ళు తిరుగుతున్నాయంటావు, మాత్ర వేసుకోవే అంటే సూదికి కోపమొస్తుందంటావు. నీకేమైనా అయితే ఆ సూది వచ్చి ఏడుస్తుందా?"

"ఈ గది పోతే మళ్ళీ టైపు మిషనేనే అక్కా" అన్నాను. నాకు ఆ గదంటే ప్రాణం. అందులో కూర్చుంటే భూమి నాడి పట్టుకుని చూస్తున్నట్టుండేది. అక్క ఇచ్చిన మాత్రలు సంచీలోనే ఉండిపోయాయి.

అయినా చిందులు ఆగలేదు. "ఇంకా ఎక్కడో ఉందమ్మా నీలో" అని ఆయన అనుమానంగా చూశారు. నాకు ఒళ్ళు మండింది. అయినా ఆకుకూరలు కూడా మానేశాను. ఒకనాడు పాఠం వెల్లుల్లి దాకా వచ్చేసరికి కళ్ళు బైర్లు కమ్మి, సూది పక్కనే ధబీమని పడ్డాను.

కళ్ళు తెరిస్తే డైరెక్టరు గారు ఒక మోకాలు పైకెత్తి పెట్టుకుని, నా పక్కన కూర్చుని విసురుతున్నారు. సూది ఉత్తరాన్ని గాలికొదిలేసి ఆ మోకాలినే చూపిస్తోంది. ఆయన కాలు జరిపారు. సూదీ జరిగింది.

"చిన్నప్పుడు గోడ మీంచి పడితే ఉక్కు మేకు వేశారు! మర్చేపోయాను! ఆహా, నేనేనమ్మా, నేనే!" అని చప్పట్లు కొట్టారు. నేనింకా నేలమీదే ఉన్నాను.

ఉన్నమాట చెప్పాలి, మనిషి నిజాయితీపరుడు. ఆ గదిలోకి తన రాకను తనే నిషేధించుకున్నారు. ఇప్పుడు పాఠం కంచె అవతలనుంచి, గొంతు చించుకుని.

"సూది ఎలా ఉందీ?"

"కుదురుగా ఉందండీ!"

తర్వాత, మొహమాటంగా, "నువ్వెలా ఉన్నావమ్మా?"

ఇన్నాళ్ళలో ఆ మాట అడగడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. కిటికీ దగ్గర నిలబడి, ఆయనకు కనబడేలా మాత్ర మింగేశాను.

ఉండబట్టలేక అరిచారు: "సూదీ?"

"కదల్లేదండీ!"