నాలుగో అంతస్తుకు వినపడేలా

చెల్లెలు ఎట్టకేలకు నెమ్మదిగా మాట్లాడటం నేర్చుకుందని టైలరమ్మ కొన్ని నెలల పాటు సంతోషించింది.

ఇందులో సంతోషించాల్సిందేముందని పాఠకులు అడగవచ్చు. విదేశంలో ఉండే ఆ చెల్లెలు ఫోను చేసిందంటే, టైలరమ్మ ముందుగా లేచి దుకాణం తలుపు దగ్గరగా వేసేది. ఫోను చెవికి జానెడు దూరంలో పెట్టుకున్నా సరే, అవతలి గొంతు రెండు కుట్టుమిషన్ల చప్పుడు దాటుకుని వీధిలోకి వెళ్ళిపోయేది.

"మెల్లగా మాట్లాడవే, బట్టలిచ్చేవాళ్ళు వింటున్నారు" అనేది టైలరమ్మ.

"విననీలే అక్కా, నేనేమన్నా దొంగమాటలు చెబుతున్నానా" అనేది చెల్లెలు. ప్రతి వారం అదే మాట, అదే జవాబు.

ప్రపంచమంతా తలుపులు వేసుకున్న ఆ మహమ్మారి ఏడాదిలో చెల్లెలి గొంతు తగ్గడం మొదలైంది. ముందు కాస్త బొంగురుపోయింది. రాను రాను గాలి ఎక్కువ, మాట తక్కువ అయింది. టైలరమ్మ అప్పుడు జాకెట్లు, గౌన్లు పక్కనపెట్టి పగలంతా మాస్కులు కుడుతోంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, "ఇప్పటికి నీకు పెద్దరికం వచ్చిందే, వినడానికి ఎంత బాగుందో" అంది.

అసలు సంగతి చెప్పింది చెల్లెలి భర్త. ఆమె పనిచేసేది రొట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీలో, ప్యాకింగు విభాగంలో. గొంతు బొంగురుపోయినా, చిన్న దగ్గు వచ్చినా మనిషిని అనుమానంగా చూసే రోజులవి. పనిలోకి రానివ్వరన్న భయంతో ఆమె వేణ్ణీళ్ళు తాగుతూ, నోరు మెదపకుండా నెట్టుకొచ్చింది. ఆస్పత్రులు కూడా ఆ ఒక్క రోగం తప్ప మరొకటి చూసే తీరికలో లేవు. చివరికి పరీక్ష చేసేసరికి గొంతులో క్యాన్సరని తేలింది.

"స్వరపేటిక మొత్తం తీసేయాలట వదినా. ప్రాణానికి భయం లేదంటున్నారు. మాట మాత్రం ఇక రాదట" అన్నాడు మరిది.

టైలరమ్మ చేతిలోని మాస్కుకు ఒకవైపు నాడా కుట్టి ఉంది, రెండోవైపు లేదు. దాన్ని అలాగే పట్టుకుని చాలాసేపు కూర్చుంది. తల్లి పోయాక ఆ చెల్లెల్ని చంకనేసుకుని పెంచింది తనే. దానికి తల దువ్వుతూ, బడికి పంపుతూ, పెళ్ళి చేస్తూ తన పెళ్ళి ఊసే మరిచిపోయింది. ఇప్పుడు ఆ గొంతు ఉండగానే దాని దగ్గరికి వెళ్ళాలి. టైలరమ్మకు ఇంకేమీ అక్కర్లేకపోయింది.

కానీ వెళ్ళడం మాటలా? సరిహద్దులు మూసి ఉన్నాయి. దగ్గరి బంధువులకు మాత్రమే అనుమతి. అక్కను దగ్గరి బంధువుగా ఒప్పుకోవడానికి ఆ దేశం వాళ్ళు తటపటాయించారు. తల్లికి గడి ఉంది, భర్తకు గడి ఉంది, పెంచిన అక్కకు ఏ దరఖాస్తులోనూ గడి లేదు. ఫోన్ల మీద ఫోన్లు చేసి మరిది ఎలాగో అనుమతి సంపాదించేసరికి ఆలస్యమైపోయింది. దిగగానే రెండు వారాలు హోటలు గదిలో ఒంటరిగా ఉండాలన్నది నియమం. ఆ గడువు తీరకముందే ఆపరేషను.

"మీరు బయటికొచ్చేసరికి అంతా అయిపోతుంది వదినా. అంత దూరం వచ్చి ఏం లాభం?" అన్నాడు అతను బాధగా.

"ఆ గదికి కిటికీ ఉంటుందిగా" అంది టైలరమ్మ.

అలా జీవితంలో మొదటిసారి ఆమె విమానమెక్కింది. విమానాశ్రయం సెలవు రోజు బడిలా బోసిగా ఉంది. ఎవరికైనా దగ్గు వస్తే దొంగ దొరికినట్టు అందరూ తిరిగి చూస్తున్నారు. టైలరమ్మకు కూడా గొంతులో గరగరలాడింది. మంచినీళ్ళు గుటకేసి ఆ దగ్గును మింగేసింది. మింగుతుంటే, చెల్లెలు నెలల తరబడి ఇదే పని చేసిందని గుర్తొచ్చి కళ్ళు మసకబారాయి.

హోటలు గది నాలుగో అంతస్తులో ఇచ్చారు. శుభ్రంగానే ఉంది గానీ పరదాల అంచు వంకరగా కుట్టారు. దాన్ని చూసినప్పుడల్లా సరిచేయాలని ఆమె చేతులు దురద పెట్టేవి. పూటపూటకూ తలుపు మీద తట్టి, భోజనం గుమ్మం ముందు పెట్టి వెళ్ళిపోయేవారు. తలుపు తీసేసరికి వరండాలో మనిషి నీడ కూడా ఉండేది కాదు. కిటికీ మాత్రం బెత్తెడు తెరుచుకునేది. కింద కార్లు నిలిపే ఖాళీ స్థలం, దాని చుట్టూ సిమెంటు గోడ.

మొదటి సాయంత్రం చెల్లెలు అక్కడికి వచ్చి నిలబడింది. మెడకు మఫ్లరు, పొడవాటి కోటు. మనిషి సగమైంది. పక్కన భర్త. ఆమె ఫోను చెవికి పెట్టుకుని నోరు తెరవబోయింది.

"మాట్లాడకు. గొంతు దాచుకో. చేత్తో చెప్పు చాలు, నాకు అర్థమవుతుంది" అంది టైలరమ్మ.

చెల్లెలు తల ఊపింది. ఆ రోజు అక్కే మాట్లాడింది. తిన్నావా? నిద్ర పడుతోందా? మఫ్లరు ఇంకో చుట్టు చుట్టుకో. చెల్లెలు తల ఊపుతూ, చేయి ఊపుతూ నిలబడి వెళ్ళిపోయింది. మర్నాడూ అంతే. ఆ పై రోజూ అంతే. టైలరమ్మది ప్రేమే, ఎవరూ వేలెత్తి చూపలేరు. అయినా వాళ్ళకు మిగిలిన కాసిని సాయంత్రాల్లో కొన్ని అలా మూగగా గడిచిపోయాయి.

ఒకరోజు చెల్లెలు ఫోను తీసి, అక్క నోరు విప్పేలోగా తనే మొదలుపెట్టింది. గరుకు కాగితం గోడకు రుద్దినట్టుంది ఆ గొంతు.

"ఇవాళ నన్ను ఆపకు అక్కా."

"డాక్టరు తిడతాడే."

"డాక్టరు మాట్లాడుకోమనే చెప్పాడు. ఉన్నన్నాళ్ళు వాడుకోమన్నాడు. దాచుకోమంటున్నది నువ్వొక్కదానివే. పోయేదాన్ని దేనికి దాచుకోవాలి? దాచుకుంటే మిగులుతుందా?"

టైలరమ్మ కుర్చీ లాక్కుని కిటికీ పక్కన కూర్చుంది.

"చెప్పు. వింటాను" అంది.

ఆ రోజు నుంచి చెల్లెలు చెప్పిందే చెప్పింది. ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ చెప్పింది. ఎక్కడెక్కడి మాటలో వచ్చాయి. చివరికి అన్నీ బస్టాండు దగ్గరికే చేరేవి.

వాళ్ళ తండ్రి బస్టాండులో టికెట్లిచ్చే గుమాస్తా. బడి వదలగానే అక్కాచెల్లెళ్ళు నాన్నకు క్యారేజీ పట్టుకుని అక్కడికి వెళ్ళేవారు. రేకుల కప్పు మీద వాన పడితే ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. సిమెంటు బెంచీ మీద ఇద్దరూ ఒకే గొడుగు కప్పుకుని, బస్సులెక్కే ప్రయాణికులను చూసి ఎవరు ఎందుకు వెళుతున్నారో కథలు అల్లేవారు. మైకులో బస్సుల రాకపోకలు చెప్పే నిద్రమొహం బాబాయి ఒకాయన ఉండేవాడు. టీకి వెళ్ళేటప్పుడు ఆయన చిన్నదాన్ని కుర్చీలో కూర్చోబెట్టి వెళ్ళేవాడు. అది ఆయనకంటే దర్జాగా చెప్పేది. ప్రయాణికులు సంచులు దించి మరీ వినేవారు. అందరూ దాన్ని మైకు అని పిలవడం మొదలైంది అప్పటినుంచే.

"ఒకసారి నువ్వు కనపడలేదని మైకులో చెప్పాను, గుర్తుందా? ఎరుపు రిబ్బన్ల అక్క ఎక్కడున్నా టికెట్ల కిటికీ దగ్గరికి రావలెను, చెల్లెలికి ఆకలేస్తున్నది అని" అంది చెల్లెలు.

"గుర్తులేకపోవడమేంటే. సిగ్గుతో చచ్చాను. పరిగెత్తుకొచ్చి నీకు తొడపాశం పెట్టాను."

"అవును, కమిలిపోయింది" అంది చెల్లెలు. ఇద్దరూ నవ్వారు. నవ్వు పూర్తయ్యాక ఇద్దరికీ ఒకే సంగతి గుర్తొచ్చిందని ఇద్దరికీ తెలిసింది.

నిద్రమొహం బాబాయి పదవీ విరమణ చేసిన ఏడాది, ఆ కుర్చీలోకి చెల్లెల్నే తీసుకుంటామని బస్టాండు అధికారి కబురుపెట్టాడు. చెల్లెలు ఎగిరి గంతేసింది. తండ్రి సగం ఒప్పుకున్నాడు. అడ్డం పడింది టైలరమ్మే. పగలంతా ఊరి జనం ముందు మన ఇంటి పిల్ల గొంతు మోగుతుంటే రేపు దాన్ని ఎవరు చేసుకుంటారంది. అప్పటికే ఒక పెళ్ళి సంబంధం వాళ్ళు, పిల్ల బాగుంది గానీ నోరు పెద్దదట కదా అని వెనక్కి పోయారు. టైలరమ్మ ఏడ్చి, అలిగి, అన్నం మానేసి చెల్లెలి చేత వద్దనిపించింది. ఆ కుర్చీలో వేరే ఎవరో కూర్చున్నారు. కొన్నాళ్ళకు మంచి సంబంధమే కుదిరింది, దేశం దాటింది, యంత్రాల హోరులో నోటితో పనిలేని కొలువు దొరికింది. అందరూ అదృష్టమన్నారు.

"ఇంకా నా మీద కోపం ఉందా?" అని అడిగింది టైలరమ్మ.

"కోపమేం లేదు అక్కా. కానీ ఇక్కడ రొట్టెలు బెల్టు మీద వస్తుంటాయి చూడు, ఒక్కో వరుసా ఒక్కో బస్సనుకుని లోపల్లోపల చెప్పుకునేదాన్ని. ఇన్నేళ్ళూ చెప్పుకుంటూనే ఉన్నాను. పైకి మాత్రం ఎప్పుడూ అనలేదు."

టైలరమ్మ ఆ రాత్రి తెచ్చిన భోజనం ముట్టలేదు.

ఆస్పత్రిలో చేరే ముందు రోజు సాయంత్రం చెల్లెలు మామూలుగానే వచ్చింది. రేపు ఈ వేళకు తను ఇక్కడ ఉండనని గానీ, ఎల్లుండికి తన గొంతే ఉండదని గానీ ఎవరూ అనలేదు. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక టైలరమ్మ అంది.

"ఒక్కసారి ఆ బస్టాండు మాటలు చెప్పవే. ఫోన్లో కాదు. అక్కడి నుంచి, పైకి."

"ఇక్కడా? అందరూ వింటారు."

"విననీ" అంది టైలరమ్మ.

చెల్లెలు కాసేపు పైకి చూసింది. తర్వాత ఫోను భర్త చేతికిచ్చింది. మఫ్లరు విప్పింది. రెండు చేతులూ నోటి దగ్గర దోసిలి పట్టింది.

"ప్రయాణికులకు మనవి..."

గొంతు చీలిపోయింది. దగ్గొచ్చింది. భర్త చేయి వేయబోతే వద్దని తోసి మళ్ళీ అందుకుంది.

"ప్రయాణికులకు మనవి. ఏటి అవతలికి వెళ్ళే బస్సు రెండో ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నది. కొండ మీదికి వెళ్ళే బస్సు ఆలస్యంగా నడుస్తున్నది. దయచేసి తొందరపడవద్దు. సామాన్లు దగ్గర పెట్టుకోండి. పిల్లల చేయి వదలకండి. నాలుగో అంతస్తులో ఉన్న ప్రయాణికురాలు దిగులు పడవద్దు. అందరినీ క్షేమంగా చేర్చే బాధ్యత మాది."

సిమెంటు గోడలు ఆ మాటలను పట్టుకుని పైకి పంపాయి. గొంతు నిండా గీతలే, అయినా ఆ దర్జా ఎక్కడికీ పోలేదు. ఒక్కో కిటికీ బెత్తెడు తెరుచుకుంది. ఏ దేశం నుంచి ఏ తల్లిని, ఏ బిడ్డను చూడటానికి వచ్చి ఆ గదుల్లో చిక్కుబడ్డవాళ్ళో, వాళ్ళకు ఆ భాష ఒక్క ముక్క అర్థం కాదు. ఎవరో చప్పట్లు కొట్టారు. మరి కొందరు కలిశారు. టైలరమ్మ తన కిటికీ సందుకు మొహం ఆనించి, బతుకులో ఎన్నడూ లేనంత గట్టిగా అరిచింది.

"ఇంకోసారి చెప్పవే."

చెల్లెలు ఇంకోసారి చెప్పింది.

గడువు తీరి టైలరమ్మ ఆస్పత్రికి వెళ్ళేసరికి ఆపరేషను అయి కొన్ని రోజులైంది. చెల్లెలి మెడ కింద గొట్టం ఉంది, ఊపిరి అందులోంచే ఆడుతోంది. అక్కను చూడగానే పెదవులు కదిపింది. చప్పుడు రాలేదు. తర్వాత చేత్తో ఫోను పట్టుకున్నట్టు అభినయించి, కనుబొమలు ఎగరేసింది. ఆ రోజు రికార్డు చేశావా అని అడుగుతోంది.

"లేదే. ఫోను చేతిలోనే ఉంది. వింటూ ఉండిపోయాను. మరిదిగారు కూడా అంతేనట" అంది టైలరమ్మ. అంతవరకు బిగబట్టుకున్న ఏడుపు బయటికొచ్చేసింది.

మరిది కుర్చీ తెచ్చి వేశాడు. "బాధపడకండి వదినా. పెళ్ళికి ముందు సంగతి కూడా చెప్పింది నాకు. మీరు మాత్రం ఏం చేస్తారు, అప్పటి రోజులు అలాంటివి."

"రోజుల మీదికి తోసేయకండి బాబూ" అంది టైలరమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "రోజులొచ్చి దీని నోరు మూయలేదు, నేను మూశాను. రోగం గొంతు తీసుకుపోయిందని అందరం ఏడుస్తున్నాం. రోగానికి ఇప్పుడు తీరిక దొరికింది. నాకు దీని చిన్నప్పటి నుంచీ తీరిక ఉంది. మెల్లగా, మెల్లగా అని రోజూ కాస్త కాస్త నేనే తీస్తూ వచ్చాను. అది తగ్గి మాట్లాడితే మురిసిపోయాను కూడా. దానికి ఒంట్లో బాగాలేదేమోనన్న ఆలోచనైనా రాలేదు. నెమ్మదైన ఆడపిల్లంటే మంచి పిల్లని మనకు నూరిపోశారు, నేను దీనికి నూరిపోశాను."

చెల్లెలు అక్క చేయి పట్టుకుని తల అడ్డంగా ఊపింది. తర్వాత వేళ్ళు అక్క పెదవుల మీద పెట్టి, చెప్పు అన్నట్టు రెండుసార్లు తట్టింది.

టైలరమ్మ మొదలుపెట్టింది. రేకుల కప్పు, గొడుగు, నాన్న క్యారేజీలో చెల్లెలు దొంగిలించి తిన్న ముద్దలు, అన్నీ చెప్పింది. చెబుతూ చెబుతూ గొంతు పెంచింది. గది బయట నడుస్తున్న నర్సు తలుపు తీసి, కాస్త మెల్లగా అన్నట్టు చేయి కిందికి ఆడించింది. చెల్లెలు చప్పుడు లేకుండా, భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వింది. టైలరమ్మ నర్సుకు దండం పెట్టి, ఆమె వెళ్ళగానే అదే గొంతుతో అందుకుంది.

ఆ మహమ్మారి పోయింది, సరిహద్దులు తెరుచుకున్నాయి, మనమంతా మళ్ళీ ఒకరి గుమ్మంలోకి ఒకరం వెళుతున్నాం. ఏ ఇంట్లోనైనా ఒక ఆడపిల్ల గలగలా మాట్లాడుతుంటే, గొంతెత్తి నవ్వుతుంటే, దయచేసి లేచి తలుపు వేయకండి. ఊరు వింటుందేమోనన్న భయం కట్టిపెట్టి, ఆ గొంతు ఉండగానే మనం విందాం.