అమ్మ చెవిలో నిన్న

ఆ ఇంట్లో పొద్దున పూట మాటలు ఎప్పుడూ ఒకదానికొకటి అతకవు. పెద్దమ్మాయి డ్యూటీకి బయల్దేరుతూ "అమ్మా, వెళ్ళొస్తా" అంటుంది. కుట్టుమిషన్ ముందు కూర్చున్న అమ్మ తలెత్తి, "గొడుగు తీసుకెళ్ళు, తడిసిపోతావు" అంటుంది. వాన వచ్చేలా ఉందని కూతురు గొణుక్కున్నది నిన్న పొద్దున. ఇవాళ ఎండ మండిపోతోంది. అయినా పెద్దమ్మాయి మారుమాట్లాడకుండా గొడుగు చంకలో పెట్టుకుని వెళ్తుంది.

అమ్మకి ఏ చప్పుడైనా ఒక రోజు ఆలస్యంగా వినిపిస్తుంది. ఇవాళ తలుపు కొడితే రేపు ఇదే వేళకి లేచి తలుపు తీస్తుంది. వీధిలో అందరికీ అలవాటే. బట్టలు కుట్టించుకునేవాళ్ళు గుడ్డ ఇచ్చి, ఎలా కావాలో చెప్పేసి వెళ్ళిపోతారు. మర్నాడు అదే వేళకి జవాబు కోసం వస్తారు. తొందరున్నవాళ్ళెవరైనా పలక మీద రాసి చూపించబోతే అమ్మకి ఒళ్ళు మండుతుంది. "నేనేమైనా చెవిటిదాన్నా?" అని పలక తిప్పి ఇచ్చేస్తుంది.

చెవిటిది కాదు మరి. పెద్దమ్మాయి పనే చెవుల పరీక్ష. చెవి డాక్టరు దగ్గర, బయటి చప్పుడు చొరబడని చిన్న గదిలో మనుషుల్ని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, అద్దం ఇవతలినుంచి మీట నొక్కుతుంది. సన్నగా కూత వినిపిస్తే లోపలి మనిషి వేలెత్తాలి. ఒకసారి అమ్మని కూర్చోబెడితే ఒక్కసారి కూడా వేలు లేవలేదు. మర్నాడు అదే వేళకి అమ్మ ఇంట్లో బొత్తాలు కుడుతూ కుడుతూ, సూది పక్కన పెట్టి వేలెత్తడం మొదలుపెట్టింది. పిల్లలకి తప్ప వినపడని కూతలకి కూడా ఎత్తింది.

"మీ అమ్మగారి చెవులు మన చెవులకంటే బాగున్నాయమ్మా," అన్నాడు చెవి డాక్టరు. "కర్ణభేరి అదురుతోంది, దాని వెనక మూడు చిట్టి ఎముకలూ కదులుతున్నాయి, నత్తగుల్లలాంటి గదిలో వెంట్రుకలూ ఊగుతున్నాయి. అక్కణ్ణించి మెదడుకి వెళ్ళే దారే కాస్త దూరం. మనకి రెప్పపాటు పడితే ఆవిడకి ఒక రోజు. దానికి మందెందుకు?"

అలాంటి ఇంట్లో గొడవ పడటం కుదరదు. తిట్టినవాళ్ళ కోపం చల్లారి, అన్నం తిని, ఓ నిద్ర తీసి లేచాక గానీ తిట్టు చేరదు. అప్పుడు అమ్మ మొహం చిన్నబోతే, తిట్టినవాళ్ళకి ఎందుకు తిట్టారో కూడా గుర్తుండదు. అందుకే పెద్దమ్మాయి అమ్మతో ఏ మాటైనా తూచి మాట్లాడేది. అన్న మాట ఒక రోజంతా దారిలో ఉంటుందని, దాన్ని వెనక్కి పిలవడం ఎవరి తరమూ కాదని ఆమెకి తెలుసు.

అమ్మ కడుపులో గడ్డ ఉందని తేలింది. రేపు మధ్యాహ్నం ఆపరేషన్ అనగా, ఇవాళ పెద్దాసుపత్రిలో మత్తు డాక్టరు పెద్దమ్మాయిని పక్కకి పిలిచాడు. "గుండె బలహీనంగా ఉంది. మత్తిస్తే తిరిగి లేవకపోయినా లేవకపోవచ్చు. అలాగని గడ్డని వదిలేస్తే అంతకంటే ప్రమాదం," అన్నాడు. ఆమె తల ఊపి, సంతకం పెట్టి, ఎండలో ఇంటికి నడిచింది. అమ్మ మొహం చూస్తే చాలు, ఒళ్ళో తల పెట్టి ఏడ్చెయ్యాలనుకుంది.

తలుపు తోసేసరికి అమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నిన్నటి రేడియోలో ఎవరో ఏదో హాస్యం చెప్పినట్టున్నారు. పెద్దమ్మాయి చెప్పులు విసిరికొట్టింది.

"అమ్మా! అమ్మా!" అని ఇల్లెగిరిపోయేలా అరిచింది. "నేనిక్కడ చచ్చిపోతుంటే నువ్వు నవ్వుకుంటున్నావా? నాకెప్పుడు అవసరమైనా నువ్వు నిన్నట్లోనే ఉంటావు. నువ్వున్నా ఒకటే, లేకపోయినా ఒకటే!"

కూతురి మొహం చూసి అమ్మ నవ్వు ఆపేసింది. "ఏంటే, ఏమైంది? ఎందుకలా అరుస్తున్నావు?" అంది కంగారుగా. లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. "సరేలే, ముందిది తాగు. రేపు తెలుస్తుందిగా."

ఆమె ఆ నీళ్ళు తాగకుండానే పక్కన పెట్టేసింది.

సాయంత్రం తమ్ముడు బస్సు డ్యూటీ దిగి వచ్చాక, పెరట్లోకి తీసుకెళ్ళి చెప్పింది. అతను కండక్టరు. అరుపులు, కేకలు అతనికి మామూలే. "ఇప్పుడే వెళ్ళి తప్పయిందని చెప్పక్కా. దాని వెనకాలే చేరుతుంది," అన్నాడు తేలిగ్గా.

"చెప్తే అలాంటి మాటొకటి అన్నానని అమ్మకి తెలిసిపోతుంది కదరా. రేపు ఆ వేళకి అమ్మ మత్తులో ఉంటుంది. మత్తులో చెవి తెరిచే ఉన్నా మెదడు పుచ్చుకోదు. ఆ మాట అలాగే పోతుంది."

"పోతే మంచిదేగా. మరి మొహం అలా పెట్టావేం?"

అమ్మ లేవకపోతే తను చివరిసారి ఇంట్లో అమ్మతో అన్న మాట అదే అవుతుందని తమ్ముడికి తట్టలేదు. ఆమెకి ఇంకేమీ తట్టలేదు. అమ్మ బతకాలి, ఆ మాట అమ్మకి చేరకూడదు. ఆ రెండూ జరిగితే చాలనుకుంది.

మర్నాడు ఆసుపత్రిలో లెక్క తప్పింది. ముందు లోపలికి వెళ్ళాల్సిన పేషెంటుకి జ్వరం వచ్చిందని వెనక్కి పంపేసి, పొద్దున్నే అమ్మని తీసుకెళ్తామన్నారు. "మధ్యాహ్నమే చెయ్యండి సిస్టర్," అని పెద్దమ్మాయి నర్సు చెయ్యి పట్టుకుంది. "ఎందుకమ్మా, తొందరగా అయిపోతే మీకే మంచిది కదా," అంది నర్సు. బల్ల మీద పడుకున్న అమ్మ మాత్రం, "అలాగేనమ్మా, టీ ఇంకోసారి పెట్టుకుని తాగుతాలే," అని నిన్న పొద్దుటి మాటకి బదులిస్తూ లోపలికి వెళ్ళింది.

భోజనాల వేళ దాటాక గడ్డ తీసేశామని, అంతా బాగానే జరిగిందని చెప్పారు. కాసేపటికి నర్సు పరుగులాంటి నడకతో వచ్చి, పెద్దమ్మాయిని లోపలికి రమ్మంది.

"అమ్మా, కళ్ళు తెరవండి! ఊపిరి గట్టిగా తీసుకోండి!" అని ఇంకో నర్సు బుగ్గలు తడుతోంది. అమ్మలో చలనం లేదు.

"మత్తు ఈపాటికి దిగిపోవాలి," అన్నాడు మత్తు డాక్టరు. "మనిషి తెలివిలోకి రావడం లేదు, ఊపిరి తగ్గిపోతోంది. పిలిస్తే లేస్తారు, లేస్తే ఊపిరి అందుకుంటారు."

"మనం పిలిచేది ఆవిడకి రేపు కదా డాక్టర్ వినపడేది," అంది నర్సు.

"అవును కదూ." అతను పెద్దమ్మాయి వైపు తిరిగాడు. "నిన్న ఈ వేళకి ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరండీ. అమ్మ ఒక్కతే. మిషన్ కుట్టుకుంటూ, రేడియో వింటూ..."

డాక్టరు పెదవి విరిచాడు. ఎందుకో ఆమెకీ తెలుసు. చెవికి రెప్పల్లేవు. నిద్రలో కూడా ఏ చప్పుడుకి లేవాలో, దేన్ని వదిలెయ్యాలో మెదడే చూసుకుంటుంది. తల దగ్గర మిషన్ ఆడుతున్నా నిద్రపోయే తల్లి, పక్కన పసిపిల్ల చిన్నగా మూలిగితే ఉలిక్కిపడి లేస్తుంది. రోజూ వినే మిషన్ చప్పుడు అమ్మని లేపదు.

"ఆ తర్వాత?" అన్నాడు డాక్టరు.

"ఆ తర్వాత నేనొచ్చానండీ. అరిచాను."

"గట్టిగానా?"

"చాలా గట్టిగా."

"ఎంతసేపట్లో?"

"ఇంకాసేపట్లోనే."

ఏమని అరిచిందో అతను అడగలేదు. అమ్మ మొహానికి మాస్కు పెట్టి, "అందాకా ఊపిరి మనమే పోద్దాం," అంటూ గాలిసంచీ చేత్తో నొక్కడం మొదలుపెట్టాడు.

రాత్రంతా ఏ మాట చేరకూడదని మొక్కుకుందో ఆ మాట కోసమే పెద్దమ్మాయి ఇప్పుడు ఊపిరి బిగబట్టుకుని నిలబడింది. 'అమ్మా' అన్నది చేరి, మిగతాది దారి తప్పిపోతే బాగుండుననుకుంది. అలాంటి బేరాలు చప్పుడు దగ్గర సాగవని ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? చెవిలో పడినది పడినట్టే వస్తుంది. రానీ, అనుకుంది. అంతా రానీ. వినేందుకు అమ్మంటూ ఉంటే చాలు.

ముందు అమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. చెప్పులు గోడకి తగిలినప్పుడు కాబోలు. తర్వాత రెప్పలు అదిరాయి, ఒకసారి, వెంటనే ఇంకోసారి. ఛాతీ పైకి లేచింది. అమ్మ గట్టిగా గాలి పీల్చుకుని, దగ్గి, కళ్ళు తెరిచింది. డాక్టరు మాస్కు తీసేశాడు. "వచ్చేశారు," అన్నాడు.

ఇంకా మాటలు చేరుతూనే ఉన్నాయి. ఒక్కొక్కటీ అమ్మ మొహంలో దిగడం పెద్దమ్మాయి చూసింది. చచ్చిపోతుంటే నవ్వుకుంటున్నావా. నిన్నట్లోనే ఉంటావు. ఉన్నా ఒకటే. సిగ్గుతో ఆమె నిలువునా కుంగిపోయింది. అయినా తల దించుకోలేదు. చివరి మాటదాకా అమ్మ కళ్ళలోకే చూసింది.

అమ్మ పొడిబారిన పెదాలు తడుపుకుంది.

"అంత భయపడ్డావేంటే, పిచ్చిదానా?"

మాట ఒక దారిన, ఆ మాట పలికిన గొంతులోని వణుకు ఇంకో దారిన మెదడుకి చేరతాయని పెద్దమ్మాయి ఎప్పుడో చదువుకుంది. అమ్మకి రెండూ చేరాయి. ఏది ఉంచుకోవాలో అమ్మే చూసుకుంది.

తల ఊపితే సరిపోయేది. అమ్మ చూపుకి ఆలస్యం లేదు, అప్పటికప్పుడే తెలుసుకునేది. కానీ డాక్టరు అంకెలు చూస్తూ, ఈ రాత్రి, రేపటి పగలు గడిస్తే భయం లేదని నర్సుతో అంటున్నాడు. రేపు అమ్మని మేలుకొలపాల్సిన పిలుపులు ఇవాళే చెవిలో వెయ్యాలి. పెద్దమ్మాయి స్టూలు లాక్కుని, అమ్మ చెవి దగ్గరికి వంగి, నోటితోనే చెప్పింది. భయపడ్డానమ్మా అంది. తప్పయిందంది. ఆ తర్వాత నోటికొచ్చిందల్లా చెప్పింది. మధ్య మధ్య "అమ్మా" అని గట్టిగా పిలిచింది. గొంతు పోతే తమ్ముడు వచ్చి అందుకున్నాడు. ఏం చెప్పాలో తోచక బస్సు ఆగే చోట్లన్నీ వరసగా చదివాడు. ఈలోగా ఆమె నీళ్ళు తాగి మళ్ళీ వంగింది. అలా మర్నాడు తెల్లవారి, మధ్యాహ్నం దాటి, అమ్మ కళ్ళు మూతలు పడబోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు పిలుస్తున్నట్టు తల తిప్పేవరకూ, ఆ ఇద్దరూ మాట్లాడటం ఆపలేదు.