పూజలో పెట్టిన డ్రిల్లు మిషను

నేనొక డ్రిల్లు మిషన్ని. కన్నాలు వెయ్యడం నా వృత్తి. అలాగని కంగారుపడి పోలీసులకి ఫోన్ చెయ్యకండి. నేను వేసే కన్నాలన్నీ పట్టపగలే, ఇంటివాళ్ళు దగ్గరుండి చూస్తుండగా, పక్కింటివాళ్ళు తిట్టుకుంటుండగా జరుగుతాయి.

పుట్టింది ఫ్యాక్టరీలో. నాతోపాటు వందలమంది ఒకే వరసలో పుట్టారు కాబట్టి నా జాతకం ప్రత్యేకంగా ఎవరూ రాయలేదు. నన్ను మొదట కొన్నది గౌరీశు. విశాఖపట్నం గాజువాకలో, ఒక సందు మొదట్లో అతనికో కొట్టుంది. నిచ్చెనలు, రంపాలు, రంగులు కొట్టే మిషన్లు, నాలాంటివాళ్ళు అక్కడ అద్దెకి దొరుకుతారు.

అద్దె బతుకు బతికితేగాని మనిషి అసలు రంగు తెలియదు. సొంత వస్తువుని చంటిపిల్లలా ఎత్తుకునే పెద్దమనిషి, అద్దె వస్తువు చేతికి రాగానే పూనకం వచ్చినట్టు ఊగిపోతాడు. సాయంత్రంలోగా తిరిగిచ్చెయ్యాలి కదా, ఆ లోపలే మొత్తం పిండుకోవాలి. ఒకాయన గోడగడియారం తగిలించడానికి నన్ను తీసుకెళ్ళాడు. గడియారం తగిలించాక, "ఎలాగూ మిషనుంది కదా" అని హాలంతా కన్నాలు పెట్టాడు. తరవాత ఆ కన్నాలు కప్పడానికి తెలిసినవాళ్ళందరినీ క్యాలెండర్లు అడిగి తెచ్చుకున్నాడట.

అలాంటి రోజుల్లో కొట్టుకొచ్చాడు తవిటినాయుడు. కాలేజీలో కామర్స్ పాఠాలు చెబుతాడు. కర్టెన్ రాడ్డు బిగించాలని నన్ను అద్దెకి తీసుకెళ్ళాడు. ఇంటికెళ్ళి నన్ను చేత్తో పట్టుకుని బీరువా అద్దం ముందు నిలబడ్డాడు. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. తుపాకీ పట్టిన ఇన్‌స్పెక్టరులా ఉన్నాననుకున్నాడు కాబోలు. కర్టెన్ సంగతి మరిచిపోయాడు. సాయంత్రం తిన్నగా కొట్టుకొచ్చాడు.

"గౌరీశూ, ఇది నాకమ్మెయ్."

"అద్దె మిషను సార్. ఒళ్ళంతా గీతలే. కొత్తది కొనుక్కోండి."

"కొత్తదానికి అనుభవం ఉండదయ్యా."

గౌరీశు నాయుడి మెత్తటి చేతుల వైపు ఓసారి చూశాడు. అనుభవం గురించి ఏదో అనబోయి మింగేశాడు. నేను చేతులు మారాను.

నాయుడిది రెండో అంతస్తులో ఫ్లాటు. ఇంట్లో ఆయన, హైస్కూల్లో లెక్కలు చెప్పే భార్య హైమావతి, ఆయన తల్లి సింహాలమ్మ. నన్ను కొన్న వేడిలో ఆయన సుత్తులు, పట్టకార్లు, రంపాలు, స్పానర్లు వరసగా కొనుక్కొచ్చాడు. వెనక బాల్కనీలో బట్టలారేసే తీగ ఊడదీసి, గోడ నిండా ప్లైవుడ్ బోర్డు బిగించాడు. దానిమీద మమ్మల్ని ఒక్కొక్కళ్ళనీ ఆనించి చుట్టూ నల్లరంగుతో గీత గీశాడు. ఎవరి గీతలో వాళ్ళం వేలాడాలి. మేకులు పొడవు ప్రకారం పాత మందు సీసాల్లో సర్దుకున్నాయి. తడిబట్టలు మాత్రం హాల్లో కుర్చీల మీదకి చేరాయి.

"మనిషికైనా సామానుకైనా తన చోటేదో తెలియాలి హైమా" అన్నాడు గర్వంగా.

"మరి నా చీరల చోటేదండీ?" అంది హైమావతి.

ఆ ఇంట్లో నేను చేసిన పని ఏమిటని అడుగుతారా? ఆ బోర్డు బిగించడానికి నాలుగు కన్నాలు పెట్టాను. అంటే నన్ను తగిలించుకోవడానికి కావలసిన కన్నాలు నేనే పెట్టుకుని, దాని మీదెక్కి కూర్చున్నాను. ఆ తరవాత పూర్తి విశ్రాంతి. ఆదివారం ఆదివారం నాయుడు మమ్మల్ని దించి, తుడిచి, మళ్ళీ తగిలించేవాడు. మిగిలిన రోజుల్లో ఫోన్లో డ్రిల్లింగ్ వీడియోలు పెద్ద సౌండుతో పెట్టుకుని చూసేవాడు.

అరువియ్యడం అన్న మాట ఆ ఇంట లేదు. కింద ఫ్లాటు పట్నాయక్ గారు ఓసారి వచ్చారు.

"నాయుడుగారూ, ఒక్క ఫోటో తగిలించాలండి. మిషను ఓ ఐదు నిమిషాలిస్తారా?"

"భలేవారే, తప్పకుండా. ఫోటో బరువెంతుంటుంది?"

"బరువేమిటండీ? మా మావగారి ఫోటో. మనిషే పెద్ద బరువుండేవారు కాదు."

"గోడ ఇటుకదా, కాంక్రీటా? లోపల కరెంటు వైరు ఎటునుంచి పోతోంది?"

పట్నాయక్ గారు దండం పెట్టి వెళ్ళిపోయారు. మావగారిని కిటికీ ఊచకి తాడుతో కట్టుకున్నారని తరవాత తెలిసింది.

ఇలా సుఖంగా రోజులు వెళ్ళిపోతుండగా సింహాలమ్మ బాత్రూంలో జారిపడింది. తుంటి విరిగింది. ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. లేచి వాకర్ పట్టుకుని నడుస్తుందిగానీ, ఇంటికి తీసుకెళ్ళేముందే బాత్రూం గోడకి పట్టుకోవడానికి స్టీలు కడ్డీ బిగించి తీరాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇంకోసారి పడితే మంచమే గతి అన్నాడు.

డాక్టరు మాట కంటే సింహాలమ్మ మాట గట్టిది. కోడలి చెయ్యి పట్టుకుని చెప్పిందట. "అమ్మీ, అన్నం నువ్వెట్టు, మందులు నువ్వియ్యి, కాదన్ను. బాత్రూంకి మాత్రం నా అంతట నానే ఎల్తాను. గోడకో పట్టు పెట్టించీ. ఇంకేటీ అడగను."

హైమావతి ఆ సాయంత్రమే కడ్డీల జత, మరలు కొనుక్కొచ్చి నాయుడి చేతిలో పెట్టింది. నేను బోర్డు మీదనుంచి ఉత్సాహంగా చూశాను. ఇన్నాళ్ళకి పని దొరికింది.

నాయుడు బాత్రూంలోకి వెళ్ళి గోడని వేలితో కొట్టి చూశాడు. టైల్సుకైతే నా మూతికి బిగించే ములుకు వేరేది కావాలన్నాడు. మర్నాడు ఒకటి సరిపోయేచోట చాలా రకాలు తెచ్చాడు. ఇన్ని ములుకులకి డబ్బా కావాలి. డబ్బా వచ్చింది. డబ్బాకి బోర్డు మీద చోటు లేదు. కాబట్టి అందరినీ దించి, నల్లగీతలన్నీ చెరిపి, బోర్డంతా కొత్తగా గీశాడు. రంగు ఆరాలి. కడ్డీలు మాత్రం అట్టపెట్టెలోనే ఉన్నాయి.

"ప్లంబర్ని పిలవనా?" అంది హైమావతి.

"ఇంట్లో ఇంత సరంజామా పెట్టుకుని ప్లంబర్ని పిలిస్తే నలుగురూ నవ్వరూ?"

"అత్తయ్య మళ్ళీ పడితే ఆ నవ్వినవాళ్ళొచ్చి లేపుతారా?"

"డిశ్చార్జి పండగ తరవాత కదే. ఈలోగా చేసేస్తాను."

ఈలోగా దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు మా వైభవం చూడాలి. నాయుడు తలస్నానం చేసి, మమ్మల్నందరినీ పీట మీద బారులు తీర్చి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టాడు. నా మెడలో బంతిపూల దండ. ఎక్స్‌టెన్షన్ బాక్సుక్కూడా బొట్టు. టెంకాయ కొట్టాడు. అపార్టుమెంటువాళ్ళు వచ్చి ఫోటోలు తీసుకున్నారు. ఒక్క యుద్ధమూ చెయ్యని సైన్యానికి ఇంత సన్మానం ఇంకెక్కడా జరిగి ఉండదు.

హారతి కళ్ళకద్దుకుంటుండగా ఆసుపత్రినుంచి ఫోన్. పండగ రోజుల్లో పెద్ద డాక్టర్లుండరు, ఆవిడ బాగానే ఉంది, ఈ రోజే పంపించేస్తున్నామని.

హైమావతి నాయుడి వైపు చూసింది. నాయుడు నా వైపు చూశాడు.

"పూజలో పెట్టిన వస్తువు రేపు ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు హైమా."

హైమావతి ఫోన్ తీసింది. ఒక ప్లంబరు తన సామాన్లు పూజలో ఉన్నాయన్నాడు. ఇంకొకడూ అదే అన్నాడు. గౌరీశు కొట్టుకి గుమ్మడికాయ కట్టి తాళం వేసుకుని అత్తవారింటికి వెళ్ళాడు. ఆ రోజు ఊళ్ళో ఉన్న డ్రిల్లు మిషన్లన్నీ బొట్లు పెట్టించుకుని దేవుళ్ళయి కూర్చున్నాయి. మనిషన్నవాడికి పనికొచ్చే మిషను ఒక్కటీ లేదు.

మధ్యాహ్నానికి హైమావతి ఆటోలో అత్తగారిని తీసుకొచ్చింది. సింహాలమ్మ వాకర్ మీద హాల్లోకి వచ్చి, కుర్చీ మీద ఆరేసిన లుంగీ తీయించి కూర్చుంది. కాసిన్ని మంచినీళ్ళు తాగింది.

"బాత్రూంకెళ్ళాలి. కడ్డీ బిగించేవా నాయుడూ?"

"రేపమ్మా. ఈ రోజు పూజలో ఉన్నాయి. ఈ ఒక్క రోజూ హైమ పట్టుకుంటుంది."

సింహాలమ్మ మొహం ముడుచుకుపోయింది. తల దించుకుని చీర కొంగు వేలికి చుట్టుకుంది. ఆసుపత్రిలో అన్ని రోజులూ ఎవరెవరి చేతులో పట్టుకుని, తలుపు తీసిపెట్టుకుని కూర్చున్న మనిషి. ఇంటికి రావాలని తొందరపడిందే ఆ ఒక్కదానికోసం.

కాసేపటికి తలెత్తింది. "మీ నాయన ఓ ఏడు కొడవలి పూజలో ఎట్టేడు. పెయ్యిదూడకి పలుపుతాడు మెడకి బిగిసిపోయి కళ్ళు తేలేసింది. మీ నాయన పూజలో కొడవలి లాగి, పలుపు కోసీసి, కడిగి మళ్ళీ అక్కడే ఎట్టేడు."

"దేవుడేమీ అనలేదా అత్తయ్యా?" అంది హైమావతి.

"ఏటంటాడు? పెయ్యి లేచి గంతులేసింది కదా."

నాయుడు లేచాడు. పీట దగ్గరికొచ్చి చెంపలు వేసుకున్నాడు. నన్ను తీశాడు. బాత్రూంలో గోడకి ఆనించి మీట నొక్కాడు. నేను నున్నటి టైలు మీద సర్రున జారాను. బంతిపూల దండ ములుక్కి చుట్టుకుని రేకలన్నీ బాత్రూమంతా ఎగిరాయి. నాయుడు చేతులు దించేశాడు. "టైలు పగిలిపోతుందేమోనే."

హైమావతి ఆసుపత్రి సంచీలోంచి కట్టు కట్టే ప్లాస్టరు తెచ్చింది. బొందు ముక్కతో ఎత్తు కొలిచి, గుర్తు పెట్టి, దానిమీద ప్లాస్టరు అంటించింది. నన్ను నాయుడి చేతిలోంచి తీసుకుంది.

"ముందు మెల్లిగా తిప్పాలి. టైలు దాటాకే సుత్తిలా దెబ్బలేసే మీట వెయ్యాలి."

"నీకెలా తెలుసే?"

"రోజూ మీరు వీడియోలు చూస్తారు కదా. నేను కూర తరుగుతూ వింటాను."

ప్లాస్టరు మీద ములుకు నిలబడింది. నేను తిరిగాను. టైలు తెల్లటి పిండయి రాలింది. తరవాత ఇటుక, ఎర్రగా. నాయుడు చేట పట్టుకుని కింద దుమ్ము పడుతున్నాడు. కామర్స్ లెక్చరరుకి ఆ రోజు ఇచ్చిన బాధ్యత అదొక్కటే. కన్నాల్లో ప్లాస్టిక్ గొట్టాలు దిగ్గొట్టి, ఒక కడ్డీ పెట్టి, మరలు బిగించి, హైమావతి రెండు చేతులా పట్టుకుని తన బరువంతా వేసి వేలాడింది. కడ్డీ కదలలేదు.

సింహాలమ్మ లోపలికి వెళ్ళింది. కోడలు తోడు రాబోతే చేత్తో ఆపింది. తలుపేసుకుంది. గడియ పడింది.

"అమ్మా, గడియ వద్దే" అన్నాడు నాయుడు కంగారుగా.

"నువ్వు అవతలికెళ్ళు."

నాయుడు వెళ్ళలేదు. హైమావతీ వెళ్ళలేదు. నేను గడప పక్కన దుమ్ములో పడున్నాను. లోపల నీళ్ళ చప్పుడు. తరవాత ఏ చప్పుడూ లేదు. నాయుడు తలుపుకి చెవి ఆనించాడు. అప్పుడు గడియ తీసింది. సింహాలమ్మ మొహం కడుక్కుని, జుట్టు దువ్వుకుని వాకర్ మీద బయటికొచ్చింది. కొప్పు వెనక ఒక బంతిరేక అంటుకునుంది.

"మంచం కాడ కూడా ఓటి కావాలి" అంది. "లేచేటప్పుడు పట్టుకోడానికి."

హైమావతి నా కోసం వంగబోయింది. అంతకుముందే నాయుడు వంగి నన్ను తీసుకున్నాడు. దుమ్ము తుడవలేదు. ఊడిన దండ అక్కడే వదిలేశాడు. మంచం దగ్గర తల్లిని కూర్చోబెట్టి, "చెయ్యి ఎక్కడికందుతుందో చూపించమ్మా" అన్నాడు. ఆవిడ గోడ మీద వేలు పెట్టింది. వేలున్న చోట ప్లాస్టరు అంటించాడు.

నన్ను రెండు చేతులా పట్టుకుని మీట మెల్లిగా నొక్కాడు. ఈసారి నేను జారలేదు.